ఆల్ఫా శక్తి నుంచి అర్ధాయువు దాకా: గైగర్–నట్టల్ గ్రాఫ్ తప్పుల్లేకుండా గీయడం ఎలా?

రికార్డులు సంతకానికి పెట్టే రోజులు దగ్గరపడ్డాయంటే తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ఫిజిక్స్ చదివేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఆల్ఫా శక్తికీ అర్ధాయువుకీ మధ్య సరళరేఖ వస్తుందని పుస్తకంలో ఉంది. మేం గీస్తే చుక్కలు ముగ్గుపిండి చల్లినట్టు వస్తున్నాయి. ఎక్కడ తప్పు?"

తప్పు దాదాపు ఎప్పుడూ పట్టికలోనే ఉంటుంది. ఏ ఐసోటోపులు ఎంచుకున్నారు, శక్తి అని దేన్ని రాసుకున్నారు, కాలాన్ని ఏ ప్రమాణంలోకి మార్చారు అన్న మూడూ సరిగ్గా ఉంటే రేఖ తనంతట తనే వస్తుంది. ఒకటి తప్పినా రాదు. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఒక్కోసారి తప్పు పట్టికతో కూడా రేఖ వచ్చినట్టే కనిపిస్తుంది. దాని సంగతి 8వ మెట్టులో చూద్దాం.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. థోరియం-232 క్షయంలో విడుదలయ్యే శక్తి 4.08 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు), పొలోనియం-212లో 8.95. తేడా రెండు రెట్లకు కొంచెం ఎక్కువ, అంతే. అర్ధాయువులు (పదార్థంలో సగం క్షీణించడానికి పట్టే కాలం) చూడండి: మొదటిది 1,405 కోట్ల ఏళ్లు, రెండోది సెకనులో కోటి వంతుల్లో మూడు. సెకన్లలో రాస్తే మధ్యలో 24 మెట్లు, ఒక్కో మెట్టు పది రెట్లు. ఈ సంబంధాన్ని 1911లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో హాన్స్ గైగర్, జాన్ మిచెల్ నట్టల్ బయటపెట్టారు. ఎందుకలా ఉంటుందో 1928లో జార్జ్ గామోవ్, విడిగా గర్నీ, కాండన్ చెప్పారు. యురేనియం కేంద్రకం చుట్టూ సుమారు 30 ఎంఈవీ ఎత్తున విద్యుత్ వికర్షణ గోడ ఉంటుంది. నాలుగైదు ఎంఈవీల ఆల్ఫా కణం (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్ద) దాన్ని ఎక్కి దిగలేదు, క్వాంటం సొరంగంలోంచి బయటపడుతుంది. శక్తి కాస్త పెరిగితే సొరంగం పొడవు తగ్గుతుంది, బయటపడే అవకాశం వేల రెట్లు పెరుగుతుంది. గ్రాఫ్ గీయడానికి ఇంతకంటే సిద్ధాంతం అక్కర్లేదు.

కావలసినవి

- మిల్లీమీటర్ గ్రాఫ్ షీట్లు రెండు. సెమీ-లాగ్ షీటు కొనకండి. దుకాణాల్లో దొరికేవాటిలో సాధారణంగా మూడు నుంచి ఐదు సైకిళ్లే (ఒక్కో సైకిలు పది రెట్లు) ఉంటాయి, మనకు పదకొండు పైన కావాలి. లాగ్ మనమే తీసి మామూలు షీటు మీద గీస్తాం.
- సన్నగా చెక్కిన పెన్సిల్, 30 సెంటీమీటర్ల పారదర్శక స్కేలు. చెక్క స్కేలు కింద చుక్కలు కనిపించవు.
- సైంటిఫిక్ క్యాలిక్యులేటర్, లేదా ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్.
- కింది పట్టిక. సొంతంగా విలువలు తీసుకోవాలంటే అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల నడిపే నూడాట్ పట్టిక ఉచితమే.

రేడియోధార్మిక పదార్థం ఏదీ అక్కర్లేదు. పొగ పసిగట్టే పరికరాల్లో అమెరీషియం-241 ఉంటుందని విని, పాతది ఒకటి విప్పుదామని కొందరికి అనిపిస్తుంది. విప్పకండి. ఆల్ఫా కణాలు చర్మాన్ని దాటి లోపలికి పోలేవు గానీ, గీసుకుపోయిన మూలకం పొడి ఊపిరితోనో చేతికంటుకొని తిండితోనో లోపలికి పోతే ప్రమాదం. పైగా ఒక్క ఐసోటోపు ఇచ్చేది ఒక్క చుక్క. దానితో ఏ రేఖా రాదు.

1. ఐసోటోపులు ఎంచుకోండి

నియమాలు మూడు.

అన్నీ ఒకే మూలకానివి కావాలి. యురేనియం, రేడియం, రాడాన్, పొలోనియం కలిపి ఒకే రేఖ మీద పెట్టాలని చూడటమే అందరికంటే ఎక్కువమంది చేసే తప్పు. గోడ ఎత్తు కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను బట్టి మారుతుంది. కాబట్టి మూలకానికో రేఖ.

ప్రోటాన్ల సంఖ్య, న్యూట్రాన్ల సంఖ్య రెండూ సరిసంఖ్యలు కావాలి. యురేనియంకు ప్రోటాన్లు 92, సరిసంఖ్యే. కాబట్టి ద్రవ్యరాశి సంఖ్య సరి అయితే చాలు. అంటే యురేనియం-235 ఉండకూడదు.

న్యూట్రాన్ల సంఖ్య 126ను దాటే చోట రేఖను సాగదీయకూడదు. యురేనియంలో మనం తీసుకునేవాటికి ఈ బెడద లేదు, అన్నింటిలో న్యూట్రాన్లు 138కి తక్కువ లేవు. పొలోనియం తీసుకున్నవాళ్లే ఇక్కడ దెబ్బతింటారు.

ఇక్కడ యురేనియంతో చేద్దాం. మీ బ్యాచ్‌లో అందరూ యురేనియమే తీసుకుంటే మీరు థోరియం పట్టండి, అదీ చక్కగా వస్తుంది.

2. విలువలు రాసుకోండి

ఐసోటోపు – ప్రధాన ఆల్ఫా కణం శక్తి – క్యూ విలువ (క్షయంలో వెలువడే మొత్తం శక్తి) – అర్ధాయువు

- యురేనియం-238 – 4.198 – 4.270 ఎంఈవీ – 4.468 × 10⁹ ఏళ్లు
- యురేనియం-236 – 4.494 – 4.573 ఎంఈవీ – 2.342 × 10⁷ ఏళ్లు
- యురేనియం-234 – 4.775 – 4.858 ఎంఈవీ – 2.455 × 10⁵ ఏళ్లు
- యురేనియం-232 – 5.320 – 5.414 ఎంఈవీ – 68.9 ఏళ్లు
- యురేనియం-230 – 5.888 – 5.993 ఎంఈవీ – 20.2 రోజులు

ఆరోది యురేనియం-228 (క్యూ విలువ 6.80 ఎంఈవీ, అర్ధాయువు 9.1 నిమిషాలు). దీన్ని పట్టికలో కలపకండి, వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టండి. చివర్లో పరీక్షకు కావాలి.

పట్టికలో ఉన్నవన్నీ దాదాపు పూర్తిగా ఆల్ఫా ద్వారానే క్షీణిస్తాయి. మీరు సొంతంగా ఎంచుకున్న ఐసోటోపుకు బీటా దారి కూడా ఉంటే, అర్ధాయువును ఆల్ఫా వాటాతో భాగించాలి. బిస్మత్-212 అర్ధాయువు 60.55 నిమిషాలు, అందులో ఆల్ఫా వాటా 36 శాతం. అంటే ఆల్ఫా వరకు లెక్కించాల్సింది 60.55 ÷ 0.36, సుమారు 168 నిమిషాలు. ఇది బేసి కేంద్రకం కాబట్టి మన గ్రాఫ్‌కు ఎలాగూ పనికిరాదు, లెక్క తెలియడానికే చెప్పింది.

3. ఏ శక్తి వాడుతున్నారో తేల్చుకోండి

పట్టికలో రెండు శక్తులున్నాయి చూశారా, గందరగోళమంతా ఇక్కడే. ఆల్ఫా కణం బయటికి దూకినప్పుడు మిగిలిన కేంద్రకం తుపాకీలా వెనక్కి తన్నుకుంటుంది. మొత్తం శక్తిలో చిన్న వాటా దానికి పోతుంది. మొత్తం శక్తి క్యూ విలువ, డిటెక్టర్‌లో కనిపించేది ఆల్ఫా కణం శక్తి. మార్చే సూత్రం ఇది:

క్యూ విలువ = ఆల్ఫా శక్తి × జనక ద్రవ్యరాశి సంఖ్య ÷ (జనక ద్రవ్యరాశి సంఖ్య − 4)

యురేనియం-238కి: 4.198 × 238 ÷ 234 = 4.270. సరిపోయింది. అయితే ఈ సూత్రంలో పెట్టాల్సింది అన్నిటికంటే ఎక్కువ శక్తి ఉన్న ఆల్ఫాను, అంటే పుత్రికా కేంద్రకం నేరుగా భూస్థాయికి (అతి తక్కువ శక్తి స్థితికి) చేరే క్షయాన్ని. మన ఐదింటిలో ప్రధాన ఆల్ఫా అదే. రేడియం-226లో 4.784, 4.601 ఎంఈవీలవి రెండూ ఉంటాయి. అక్కడ మొదటిదే తీసుకోవాలి.

ఐదింటికీ ఆల్ఫా శక్తినే వాడితే రేఖ పాడవదు, వాలు ఒక శాతం లోపు తగ్గుతుంది, అంతే. మూడింటికి క్యూ, రెండింటికి ఆల్ఫా శక్తి వాడితేనే చెడుతుంది. వేరువేరు పుస్తకాల నుంచి అంకెలు ఏరుకునేవాళ్లకు జరిగేది ఇదే. ఎంత చెడుతుందంటే, క్యూతో గీసిన రేఖలో యురేనియం-238కి 4.270 బదులు 4.198 పెడితే అర్ధాయువు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుంది. శక్తిలో ఒకటిన్నర, రెండు శాతం పొరపాటుకు కాలంలో నాలుగు రెట్లు!

4. కాలాన్ని సెకన్లలోకి మార్చి లాగ్ తీయండి

ఏడాదికి 3.156 × 10⁷ సెకన్లు, రోజుకు 86,400. యురేనియం-238కి 4.468 × 10⁹ × 3.156 × 10⁷ = 1.410 × 10¹⁷ సెకన్లు. 10 ఆధారంగా లాగ్ 17.149.

క్యాలిక్యులేటర్‌లో లాగ్ మీట వేరు, ఎల్‌ఎన్ మీట వేరు. ఎల్‌ఎన్ నొక్కితే 39.49 వస్తుంది. కొన్నింటికి ఇదీ కొన్నింటికి అదీ నొక్కినవాళ్లున్నారు. తేలికైన తనిఖీ: 10 మీది ఘాతం 17 అయితే లాగ్ 17కీ 18కీ మధ్యే ఉండాలి.

ఏళ్లలోనే ఉంచి లాగ్ తీస్తే ఏమవుతుంది? అన్నీ ఏళ్లలోనే ఉంటే ఏమీ కాదు. రేఖ మొత్తం 7.499 కిందికి దిగుతుంది, వాలు మారదు. నాలుగింటిని ఏళ్లలో ఉంచి, యురేనియం-230ని రోజుల్లో వదిలేస్తేనే చివరి చుక్క పైకి ఎగిరి కూర్చుంటుంది.

5. శక్తి వర్గమూలానికి విలోమం తీయండి

అడ్డ అక్షం మీద శక్తి కాదు, 1 ÷ √క్యూ ఉండాలి. యురేనియం-238కి √4.270 = 2.0664, విలోమం 0.4839.

నేరుగా శక్తినే పెడితే ఏమవుతుందో అంకెల్లో చూడండి. యురేనియం-238, 236ల మధ్య ఒక్కో ఎంఈవీకి లాగ్ 7.5 చొప్పున పడుతుంది. 232, 230ల మధ్య 5.3 మాత్రమే. అంటే వంపు. 1 ÷ √క్యూ పెడితే ఆ రెండు చోట్లా 140, 145. దాదాపు సమానం.

నాలుగు దశాంశ స్థానాలు తగ్గకుండా రాయండి. ఇది చాదస్తం కాదు. 0.4839ని 0.48 అని కుదిస్తే చుక్క 0.57 మెట్టు జరుగుతుంది, అంటే అర్ధాయువులో 3.7 రెట్ల తేడా.

ఐదింటికీ పూర్తయ్యాక మీ పట్టిక ఇలా ఉండాలి (1 ÷ √క్యూ – లాగ్ కాలం):

- 238: 0.4839 – 17.149
- 236: 0.4676 – 14.869
- 234: 0.4537 – 12.889
- 232: 0.4298 – 9.337
- 230: 0.4085 – 6.242

మీ అంకె చివరి స్థానంలో ఒకటి రెండు అటూ ఇటూ ఉంటే పట్టించుకోకండి. మొదటి దశాంశంలోనే తేడా ఉంటే 4వ మెట్టుకు వెనక్కి వెళ్లండి.

6. గీయండి

షీటును అడ్డంగా పరచండి. పొడవైన వైపు 0.38 నుంచి 0.49 వరకు, 2 సెంటీమీటర్లకు 0.01. నిలువు వైపు 2 నుంచి 18 వరకు, సెంటీమీటరుకు 1. 22 × 16 సెంటీమీటర్లు పడుతుంది, మామూలు షీటులో ఇముడుతుంది. రెండు అక్షాలూ సున్న నుంచి మొదలుపెట్టకండి, చుక్కలన్నీ ఒక మూల కుక్కుకుంటాయి.

చుక్క పెట్టి చుట్టూ చిన్న వలయం గీయండి. రేఖ వలయం గుండా పోయినా చుక్క కనిపించాలి. స్కేలును ఐదు చుక్కలకూ మధ్యగా సర్దండి. మొదటిదాన్నీ చివరిదాన్నీ కలిపేస్తే పనైపోయిందనుకోకండి, ఆ రెండింటిలోని దోషాలన్నీ రేఖకు అంటుకుంటాయి.

7. వాలు, అంతరఖండం

వాలు కోసం రేఖ మీదే రెండు దూరపు బిందువులు తీసుకోండి, పట్టికలోని చుక్కలు కాదు. 0.40 దగ్గర 5.0, 0.48 దగ్గర 16.6 వచ్చాయనుకుందాం. 11.6 ÷ 0.08 = 145. చేతితో గీసినప్పుడు ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా 0.1 మెట్టు కాబట్టి, 142 నుంచి 148 దాకా ఏది వచ్చినా సరైనదే. 334 దగ్గర వస్తే ఎల్‌ఎన్ మీట నొక్కారు. మైనస్ వస్తే అర్ధాయువు బదులు క్షయ స్థిరాంకం (0.693 ÷ అర్ధాయువు) వాడి ఉంటారు. అది తప్పు కాదు, రేఖ తలకిందులవుతుంది, అంతే.

అంతరఖండాన్ని గ్రాఫ్ మీద చదవకండి! ఎడమ అంచున రేఖ నిలువు గీతను తాకిన చోటు చూసి "అంతరఖండం 2.1" అని రాసిన రికార్డులు లెక్కలేనన్ని. అక్కడ అడ్డ విలువ 0.38, సున్న కాదు. సున్న దగ్గరి విలువ కాగితానికి అర మీటరు పైగా కింద ఉంటుంది. లెక్క కట్టాలి: లాగ్‌ల సగటు 12.10, విలోమాల సగటు 0.4487. 12.10 − 145 × 0.4487 = −52.96. వాలు ఒకటి మారితే ఇది సుమారు 0.45 మారుతుంది. కాబట్టి పక్కవాళ్లకు −51.6 వచ్చి మీకు −54 వస్తే ఎవరిదో ఒకరిది తప్పని వాదులాడుకోవద్దు. వాలుతో కలిపి చూస్తే రెండూ ఒకే రేఖకు దగ్గరగా ఉంటాయి.

క్యాలిక్యులేటర్‌తో చేసేవాళ్లకు: క్యాసియో ఎఫ్‌ఎక్స్-991ఇఎస్‌లో మోడ్, 3, తర్వాత 2 నొక్కితే రెండు నిలువు వరుసల పట్టిక వస్తుంది. ఎడమ వరుసలో విలోమాలు, కుడి వరుసలో లాగ్‌లు. రెగ్రెషన్ మెనూలో 'ఎ' అంటే అంతరఖండం, 'బి' అంటే వాలు. పుస్తకాల్లో తరచూ తారుమారుగా ఉంటుంది కనుక ఇక్కడ పొరబడేవాళ్లు ఎక్కువ. స్ప్రెడ్‌షీట్‌లో స్లోప్, ఇంటర్‌సెప్ట్ ఫంక్షన్లు ఉన్నాయి. రెండింటిలోనూ ముందు నిలువు విలువలు, తర్వాత అడ్డ విలువలు ఇవ్వాలి. తారుమారైతే వాలు 0.0069 అని వస్తుంది. నాలుగు స్థానాల పట్టికతో సరిగ్గా చేస్తే వాలు 145, అంతరఖండం −53 దగ్గర వస్తాయి.

8. సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి

"ఆర్ విలువ 0.99 వచ్చింది, ఇంకేం కావాలి?" అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఈ గ్రాఫ్‌లో ఆర్ విలువను (చుక్కలు సరళరేఖకు ఎంత దగ్గరో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా రేఖ మీదే) నమ్మకండి. లాగ్ ఇన్ని మెట్లు దిగే చోట తప్పు చుక్క ఉన్నా ఆర్ 0.99 దాటేస్తుంది.

నమ్మకం కుదరకపోతే పొలోనియంతో చేసి చూడండి. క్యూ విలువలు, అర్ధాయువులు ఇవి: పొలోనియం-218కి 6.115, 3.10 నిమిషాలు, 216కి 6.906, 0.145 సెకను, 214కి 7.834, 164 మైక్రోసెకన్లు, 212కి 8.954, 0.299 మైక్రోసెకను. ఈ నాలుగింటికీ వాలు 125 వస్తుంది, చుక్కలు రేఖను అంటిపెట్టుకుని ఉంటాయి. ఇప్పుడు అందరికీ తెలిసిన పొలోనియం-210ని (5.407, 138.4 రోజులు) కలపండి. వాలు 140కి ఎగబాకుతుంది. ఆర్ మాత్రం 0.995! చూడ్డానికి ఏ లోపమూ లేదు.

లోపాన్ని పట్టేది తేడాల వరుస. ప్రతి చుక్కకూ అసలు లాగ్ నుంచి రేఖ చెప్పే లాగ్ తీసేయండి. 210 నుంచి 218 వరకు ఐదింటికీ, 210తో మొదలుపెట్టి, శక్తి పెరిగే వరుసలో రాస్తే: +0.63, −0.59, −0.37, −0.08, +0.41. రెండు కొసలు పైకి, నడుమ కిందికి. ఇలా ఒక తీరు కనిపించిందంటే ఏదో చుక్క ఆ రేఖకు చెందదని అర్థం. 210ని తీసేసి మిగతా నాలుగింటి రేఖను సాగదీస్తే దాని అర్ధాయువు మూడు రోజుల పైచిలుకు ఉండాలి. నిజానికి 138 రోజులు, 40 రెట్లకు పైనే. కారణం, పొలోనియం-210లో న్యూట్రాన్లు సరిగ్గా 126. అది నిండిన కర్పరం (కేంద్రకంలో న్యూట్రాన్ల పొర). నిండిన కర్పరం నుంచి ఆల్ఫా కూర్చుకుని బయటికి పంపడం కేంద్రకానికి కష్టం.

మన యురేనియం రేఖకు తేడాలు 238 నుంచి మొదలుపెట్టి −0.06, +0.03, +0.07, −0.01, −0.02. అన్నీ 0.1 లోపు, ఒక తీరు లేదు. ఇలా ఉండాలి.

రెండో తనిఖీకి పక్కన పెట్టిన కాగితం తీయండి. యురేనియం-228 క్యూ విలువ 6.80, విలోమం 0.3835. రేఖ చెప్పే లాగ్ 2.64, అంటే సుమారు 430 సెకన్లు, 7.2 నిమిషాలు. అసలు విలువ 9.1 నిమిషాలు. తేడా 0.1 మెట్టు. కోట్ల ఏళ్లు బతికే ఐసోటోపులతో గీసిన రేఖ నిమిషాల్లో పోయేదాన్ని ఇంత దగ్గరగా చెప్పిందంటే మీ పట్టిక బాగుంది. మీ జవాబు 3 నిమిషాల కంటే తక్కువో 20 నిమిషాల కంటే ఎక్కువో వస్తే ఎక్కడో పొరపాటుంది.

మూడోది, తీరిక ఉంటేనే. వాలును పుత్రికా కేంద్రకం ప్రోటాన్ల సంఖ్యతో భాగించండి. యురేనియంకు 145 ÷ 90 = 1.61. ఇక్కడ 92తో భాగించడం మామూలు పొరపాటు, ఆల్ఫా బయటపడేది మిగిలిన 90 ప్రోటాన్ల గోడ లోంచి. థోరియం-232, 230, 228, 226లకు (క్యూ 4.082, 4.770, 5.520, 6.451, అర్ధాయువులు 1.405 × 10¹⁰ ఏళ్లు, 75,400 ఏళ్లు, 1.912 ఏళ్లు, 30.6 నిమిషాలు) వాలు 142, దాన్ని 88తో భాగిస్తే మళ్లీ 1.61. పొలోనియం నాలుగింటికి 1.53. 1.5 నుంచి 1.65 లోపల ఉంటే సరే. 210ని కలిపిన రేఖకు 1.70 వచ్చి ఇక్కడ కూడా దొరికిపోతుంది.

యురేనియం-235ను ఎందుకు వద్దన్నాం?

క్యూ విలువ 4.678. మన రేఖ ప్రకారం దాని అర్ధాయువు 38 లక్షల ఏళ్లుండాలి. ఉన్నది 70.4 కోట్ల ఏళ్లు, దాదాపు 185 రెట్లు. బేసి న్యూట్రాన్ ఉన్న కేంద్రకంలో ఆల్ఫా నేరుగా భూస్థాయికి పోవడానికి అడ్డంకి ఎక్కువ. అందుకే యురేనియం-235 సగానికి పైగా 4.398 ఎంఈవీ ఆల్ఫా ద్వారా పుత్రికా కేంద్రకపు ఉత్తేజిత స్థాయికి చేరుతుంది. అమెరీషియం-241దీ ఇదే బాపతు, కాకపోతే అక్కడ బేసి ఉన్నది ప్రోటాన్. గ్రాఫ్‌లో వీటిని చూపాలని ఉంటే వేరే గుర్తుతో, రేఖ లెక్కలో కలపకుండా పెట్టండి. రేఖకు పైన వేలాడే ఆ చుక్క పరీక్షకుడికి మీకు విషయం తెలుసని చెబుతుంది.

వేరే దారులు

అన్ని మూలకాలనూ ఒకే గ్రాఫ్ మీద చూపాలంటే అడ్డ అక్షం మీద పుత్రికా ప్రోటాన్ల సంఖ్య ÷ √క్యూ పెట్టండి. చుక్కలు దగ్గరికి చేరతాయి గానీ ఒకే రేఖ మీద పడవు. యురేనియం-238, థోరియం-232 రెండింటికీ ఆ విలువ 43.55 దగ్గరే, అయినా లాగ్‌లలో అర మెట్టు తేడా ఉంది. దీన్ని తప్పనుకోకండి.

గైగర్, నట్టల్ 1911లో చేసినట్టే చేయాలంటే శక్తి బదులు గాలిలో ఆల్ఫా ప్రయాణించే దూరం వాడాలి. 4 నుంచి 7 ఎంఈవీల మధ్య దూరం (సెంటీమీటర్లలో) = 0.318 × ఆల్ఫా శక్తి × √ఆల్ఫా శక్తి. ఇక్కడ క్యూ విలువ పనికిరాదు, గాలిలో ప్రయాణించేది ఆల్ఫా కణమే కదా. యురేనియం-238కి 2.74, యురేనియం-230కి 4.54 సెంటీమీటర్లు వస్తాయి. దూరం లాగ్ మీద క్షయ స్థిరాంకం లాగ్ గీస్తే వాలు 50 దగ్గర ఉంటుంది. ఈ సూత్రం 15 డిగ్రీల గాలికి సంబంధించింది. తిరుపతి మే నెల ఎండలో, 40 డిగ్రీల దగ్గర గాలి పలచబడి అదే కణం తొమ్మిది శాతం ఎక్కువ దూరం పోతుంది. ల్యాబ్‌లో కొలిచిన దూరంతో పోల్చేటప్పుడు ఈ సవరణ మరవకండి.

వైవాలో అడిగేవి

"ఈ ఐదింటిలో మన నేలలో ఉన్నవేవి?" తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఎపార్కియన్ అసంగతి (వయసులో చాలా తేడా ఉన్న రెండు రాతి పొరలు కలిసే హద్దు) కనిపించే చోట కింద ఉన్నది ఆర్కియన్ గ్రానైట్, 250 కోట్ల ఏళ్లకు పైబడ్డది. 250 కోట్ల ఏళ్లకు లెక్క వేస్తే యురేనియం-238లో 68 శాతం ఇంకా మిగిలే ఉంటుంది. యురేనియం-236కు అది 107 అర్ధాయువులు. మొదట్లో ఎంత ఉన్నా ఇప్పుడు ఏమీ మిగలదు. యురేనియం-234 అర్ధాయువు ఇంకా తక్కువ, అయినా రాతిలో ఉంటుంది, ఎందుకంటే 238 క్షయమాల దాన్ని మళ్లీ మళ్లీ పుట్టిస్తూనే ఉంది. 232, 230ల కోసం రాతిలో వెతకడం దండగ, అవి ప్రయోగశాలల్లో తయారయ్యేవి.

"447 కోట్ల ఏళ్లు ఎవరు కూర్చుని కొలిచారు?" ఇది తప్పకుండా అడుగుతారు. ఎవరూ అంతకాలం కూర్చోనక్కర్లేదు. ఒక గ్రాము యురేనియం-238 నుంచి సెకనుకు సుమారు 12,400 ఆల్ఫాలు బయటికొస్తాయి. గ్రాములో ఉన్న పరమాణువులు 2.53 × 10²¹. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే క్షయ స్థిరాంకం, 0.693ను దానితో భాగిస్తే సెకన్లలో అర్ధాయువు. 1.41 × 10¹⁷ వస్తుంది. మీ పట్టికలోని మొదటి వరుస అదే.